ఇండోర్‌లో కబడ్డీ, షటిల్ ఫొటోలు: ముందు షట్టర్ స్పీడ్, తర్వాతే మిగతావి

హనుమకొండ జేఎన్‌ఎస్ ఇండోర్ స్టేడియం అయినా, వరంగల్‌లో ఏదో కాలేజీ హాలు అయినా, లోపలికి అడుగుపెడితే కంటికి వెలుతురు సరిపోయినట్టే ఉంటుంది. కెమెరాకు సరిపోదు. బయట ఎండలో క్రికెట్ తీసిన సెట్టింగులతోనే లోపల తీస్తే రైడర్ చేతులు, కాళ్లు తడి రంగు అలికినట్టు వస్తాయి.

గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనబడే చుక్కలు) ఉన్న ఫొటోను ఇంటికెళ్లాక కొంత బాగుచేసుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోను మాత్రం ఎవరూ బాగుచేయలేరు. అందుకే మాన్యువల్ మోడ్ పెట్టి ముందు షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉండాలో, ఖాయం చేయండి: కబడ్డీకి, వాలీబాల్‌కి 1/500 సెకను కన్నా నెమ్మది కావొద్దు, షటిల్‌లో స్మాష్ కావాలంటే 1/1000. అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) మీ లెన్స్ ఎంతవరకు తెరుచుకుంటే అంత. ఇక ఐఎస్ఓ (ఫొటోను ఎంత వెలుగ్గా చేయాలో చెప్పే అంకె) 3200 కానీ 6400 కానీ, భయపడకుండా పెంచండి. తక్కువ ఐఎస్ఓలో చీకటిగా తీసి కంప్యూటర్‌లో వెలుగు పెంచితే చాలాసార్లు గ్రెయిన్ అంతకన్నా ఎక్కువే తేలుతుంది.

కెమెరాతో వచ్చే 18-55 లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది; ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. 50 ఎంఎం ఎఫ్ 1.8 దానికన్నా దాదాపు పది రెట్లు వెలుతురు తీసుకుంటుంది, ధర కూడా తక్కువే, కాబట్టి డబ్బులుంటే కొత్త కెమెరా మీద కాదు, దీని మీద పెట్టండి. జూమ్ ఉండదు, మీరే లైన్ దగ్గరికి జరగాలి. నిర్వాహకులను అడిగి కూర్చోండి. ఫ్లాష్ అస్సలు వద్దు, ఆడేవాళ్ల కళ్లల్లో పడుతుంది.

కబడ్డీలో ఎక్కడ కూర్చున్నారన్నదే సగం ఫొటో. కూతకు వెళ్లిన రైడర్ ముఖం డిఫెండర్ల వైపు ఉంటుంది, కాబట్టి ఎండ్ లైన్ మూలన నేల మీద కూర్చుంటే చేయి చాచి తాకే క్షణం, బోనస్ లైన్ దాటే కాలు దొరుకుతాయి. పట్టు పడ్డాక మొత్తం మారిపోతుంది. ఒకడు మడమ, ఇంకొకడు నడుము పట్టి వెనక్కి లాగుతుంటే అతను పళ్లు బిగించి మిడ్ లైన్ వైపు వేళ్లు చాస్తాడు, ఆ ముఖం మిడ్ లైన్ పక్కన కూర్చున్నవాళ్లకే కనబడుతుంది. నాకైతే ఈ చోటే ఇష్టం. నిలబడి తీస్తే వచ్చేవి వీపులు, నడినెత్తులే.

ఫోకస్ కంటిన్యువస్‌లో (కదిలే ఆటగాడిని వెంటాడే మోడ్) ఉంచండి, అంటే కానన్‌లో ఏఐ సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ. షటిల్‌కి నెట్ అవతలి నుంచి తీస్తే ఫోకస్ పోయి నెట్ మీద కూర్చుంటుంది, అందుకని ఆటగాడు ఉన్న వైపే సైడ్ లైన్ బయట ఉండండి. ఎగిరి కొట్టేటప్పుడు పైన ఒక్క క్షణం ఆగినట్టవుతాడు, దానికి రవ్వంత ముందే బటన్ నొక్కాలి.

వరుసగా తీసిన ఫొటోల్లో ఒకటి వెలుగ్గా, పక్కదే పసుప్పచ్చగా మసగ్గా వస్తే కెమెరా పాడైందేమోనని టెన్షన్ పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో పాత ట్యూబులైట్లు, మెటల్ హలైడ్ లైట్లు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ (ఈ తేడాను తప్పించే సెట్టింగ్) ఉంటే ఆన్ చేయండి, లేదంటే బరస్ట్‌లో (బటన్ నొక్కి ఉంచి వరుసగా) తీసి బాగున్నవి ఉంచుకోండి. మిర్రర్‌లెస్ కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేసి మెకానికల్ పెడితే ఎల్ఈడీల కింద వచ్చే అడ్డచారలు చాలావరకు తగ్గుతాయి. జేపెగ్ కాకుండా రా ఫైల్‌లో (కెమెరా మార్చని అసలు డేటా) తీస్తే రంగు తర్వాత సరిచేసుకోవచ్చు.

వార్మప్ అప్పుడే కోర్టు రెండు వైపులా నాలుగు ఫొటోలు తీసి ఎటువైపు వెలుతురు ఎక్కువుందో చూసుకుని అక్కడే కూర్చోండి. షటిల్‌లో గేమ్ అయ్యాక ఇద్దరూ వైపులు మారతారు, మీరు మాత్రం లేవొద్దు.