గోదావరి డెల్టాలో సెప్టిక్ ట్యాంక్: నేల, ఊట, పర్మిషన్ ఎలా చూసుకోవాలి?

మన డెల్టాలో చాలామంది కాలువలు కట్టేసిన ఎండాకాలంలోనే ఇంటి పని మొదలుపెడతారు, సెప్టిక్ ట్యాంకుకి గొయ్యి కూడా అప్పుడే తవ్వేస్తారు. ఐదడుగులు తవ్వినా పొడిగానే ఉంటుంది కాబట్టి మేస్త్రి "ఏం పర్లేదండి, నాలుగు వరలు దింపేద్దాం" అంటాడు. తర్వాత ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లొదిలి, ఊడ్పులై చేలు నిండాక ఊట పైకొస్తుంది, లెట్రిన్‌లో పోసిన నీళ్లు దిగవు. అందుకే ట్యాంకు ఎంత సైజు అనేదానికంటే ముందు వానాకాలంలో ఊట ఎంత లోతులో ఉంటుందో తేల్చుకోండి.

ఊట చూడటం

పక్కింట్లో నుయ్యి ఉంటే శ్రావణ భాద్రపదాల్లో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అడగండి, లోపలి గోడ మీద చార కూడా కనిపిస్తుంది. నుయ్యి లేకపోతే ఆ నెలల్లో స్థలంలో ఒక మూల ఆరడుగుల గుంట తీసి మర్నాడు పొద్దున్న చూడండి. 1.8 మీటర్ల లోపే, అంటే ఆ ఆరడుగుల గుంటలోనే నీళ్లు నిలిస్తే లోతైన ఇంకుడు గుంత (ట్యాంకు నుంచి బయటికొచ్చే మురుగునీళ్లు నేలలోకి ఇంకే గుంత) ఆలోచన మానుకోండి. ఊటలో మునిగిన గుంతలో మురుగు వడకట్టుకోదు, నేరుగా భూగర్భ జలంలో కలిసిపోతుంది. చేపల చెరువుల పక్కన, పల్లపు స్థలాల్లో ఈ గొడవ మరీ ఎక్కువ.

నేల పరీక్ష

దీనికి ల్యాబ్ అక్కర్లేదు. మురుగు ఇంకాల్సిన లోతుకి జానెడు వెడల్పు గుంట తీసి, గోడలు కత్తితో గీకి, అడుగున రెండంగుళాల కంకర వేయండి. దాని పైన అడుగు ఎత్తు నీళ్లు పోసి రాత్రంతా ఆ మట్టం తగ్గకుండా చూసుకోండి. ఈ నానబెట్టడం ఎవరూ చేయరు, కానీ మన నల్లమట్టికి ఇదే ముఖ్యం: ఎండాకాలంలో నెర్రెలిచ్చిన రేగడిలో నీళ్లు పోస్తే పగుళ్లలోకి జారిపోయి "బ్రహ్మాండంగా ఇంకుతోంది" అనిపిస్తుంది, తడిసి ఉబ్బాక అదే మట్టి చుక్క కూడా పీల్చదు. మర్నాడు కంకర మీద ఆరంగుళాల నీళ్లు ఉంచి, స్కేలుతో అంగుళం తగ్గడానికి ఎంతసేపు పడుతుందో చూడండి.

అరగంట లోపైతే ఇంకుడు గుంత పనిచేస్తుంది, అదీ ఊట లోతుగా ఉంటేనే. అరగంట నుంచి గంటైతే గుంత బదులు కంకర నింపిన పొడవాటి కందకం తీయాలి. ఈ రెంటిలో ఏ నేలలోనైనా ఊట 1.8 మీటర్ల లోపే ఉంటే ఆ కందకాన్నే మెరక చేసి, నేల మట్టం పైన కట్టాలి. గంట దాటిందంటే బంకమన్ను, అప్పుడు ట్యాంకు పక్కనే కంకర నింపిన ఇంకో గది కట్టించి నీళ్లు కింద నుంచి పైకి ఎక్కేలా పెట్టాలి. దీన్ని అప్‌ఫ్లో ఫిల్టర్ అంటారు. ఇక అంతర్వేది వైపు ఇసుక నేలల్లో నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి, కానీ అంతే వేగంగా పక్కింటి పంపులోకీ చేరతాయి, అక్కడ సంతోషపడటానికేం లేదు.

పర్మిషన్, దూరాలు

మామూలుగా ఇది ఇంటి ప్లాన్‌తోనే వెళ్తుంది. పంచాయతీ అయితే సచివాలయంలో, మున్సిపాలిటీ అయితే లైసెన్సున్న ఇంజనీరు ద్వారా ఆన్‌లైన్‌లో. ప్లాన్‌లో ట్యాంకు, ఇంకుడు గుంత, మీ బోరు మాత్రమే కాదు, పక్కవాళ్ల బోరు కూడా గుర్తించమనండి. సముద్రపు పోటు గీతకి 500 మీటర్ల లోపు స్థలమైతే సీఆర్‌జెడ్ (సముద్ర తీరంలో కట్టడాలపై ఉండే) నిబంధనలు కూడా ఉంటాయి, ముందే అడగండి.

సెప్టిక్ ట్యాంకులకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం మురుగు ఇంకే చోటు తాగునీటి నూతికి, బోరుకి 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు దూరంగా ఉండాలి. మూడు సెంట్లంటే 145 గజాలు, చదరంగా ఉన్నా ఒక్కో పక్క 36 అడుగులే, ఆ మూల నుంచి ఈ మూలకి కొలిచినా 51. 18 మీటర్లంటే 59 అడుగులు! ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు అని వాస్తు చూపించుకుంటే రెండూ ఉత్తరం వైపే పక్కపక్కన పడతాయి. చిన్న స్థలంలో నీళ్లు కారని ట్యాంకు, దానికి అప్‌ఫ్లో ఫిల్టర్ పెట్టుకుని, తాగడానికి కుళాయి నీళ్లే వాడటం మేలు.

పంట కాలువలోకి పైపు మాత్రం పెట్టకండి. 1974 జల కాలుష్య చట్టం దాన్ని నిషేధిస్తుంది. పైగా ఊరి మంచినీటి చెరువు నింపేది ఆ కాలువ నీళ్లతోనే.

కట్టేటప్పుడు

ఐదుగురికి కనీసం 1.5 మీటర్ల పొడవు, 0.75 వెడల్పు, నీళ్లు మీటరు లోతు, పైన 30 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఈ సైజుకి ఏడాదికోసారి పుల్లింగ్ (అడుగున పేరుకున్న మడ్డిని బండితో తోడించడం) చేయించాలి. అడుగున కాంక్రీటు, లోపలా బయటా ప్లాస్టరింగ్ తప్పనిసరి. అడుగు వేయకుండా వరలు దింపేస్తే అది సెప్టిక్ ట్యాంకు కాదు, నుయ్యి.

రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకు కొంటే దింపిన వెంటనే నీళ్లతో నింపి, ఆ తర్వాతే చుట్టూ మట్టి పూడ్చండి. ఖాళీగా ఉంటే వానాకాలం ఊటకి పైకి తేలిపోతుంది. పుల్లింగ్ అయ్యాక కూడా అంతే, వెంటనే నీళ్లు పోయాలి, కుదిరితే ఆ పని ఎండాకాలంలో పెట్టుకోండి. బండి పిలిపించి పైపుతోనే తీయించాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దింపడం, చేత్తో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు గానీ రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. బండి పైపు అందేలా మూతని దారి వైపు పెట్టించండి, దాని మీద టైల్స్ పరిచేయకండి.