గాలి తీసేస్తే దుమ్ము ఎలా పడుతుంది? ఇంట్లోనే చూడటం ఎలా?

కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసుకి పాత గ్రంథాల్లో త్రసరేణువు అని పేరు. అది అలా తేలేది చుట్టూ గాలి ఉండబట్టే. ఆ గాలిని తీసేసి చూద్దాం.

ముందు ఛాంబర్, అంటే గాలి తీసేసే గది. 15 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. ఎత్తు, 10 మి.మీ. మందం ఉన్న యాక్రిలిక్ గొట్టం తీసుకోండి. పైనా కిందా 20 మి.మీ. మందం పలకలు, మధ్యలో సిలికాన్ గాస్కెట్లు పెట్టండి. గాలి లాగేశాక ఒక్కో పలక మీద దాదాపు 180 కిలోల బరువు పడుతుంది. అందుకే గాజు సీసాలు, ప్లాస్టిక్ డబ్బాలు వద్దే వద్దు. గాగుల్స్ తప్పనిసరి. స్పిరిట్‌తో తుడిస్తే యాక్రిలిక్‌కి సన్నని పగుళ్లు వస్తాయి, తడిబట్ట వాడండి.

పంపు ఏసీ మెకానిక్‌లు వాడే టూ-స్టేజ్‌ది. ముల్లు గేజ్ చాలదు, లోపల మిగిలిన గాలి పీడనాన్ని కొలిచే డిజిటల్ మైక్రాన్ గేజ్ కావాలి (ఈ గేజ్‌లో మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు ఎత్తు పాదరసం పీడనం). పంపులోకి పౌడర్ పోకుండా పంపు పైపు మూతి దగ్గర దూది ఫిల్టర్ పెట్టండి.

టాల్కమ్ పౌడర్‌ని కాసేపు ఎండబెట్టండి, తేమ ఉంటే ఉండ కడుతుంది. మాస్క్ పెట్టుకుని, టీ వడకట్టే జల్లెడలో చెంచాడు వేసి, అంచుకి ఇనప నట్టు కట్టి, పై పలక నుంచి దారంతో వేలాడదీయండి. బయట నుంచి బలమైన మాగ్నెట్‌తో లాగి వదిలితే జల్లెడ గోడకి తగిలి పౌడర్ రాలుతుంది. గదిలో లైట్లు ఆపి, గొట్టం వెనక పక్కగా టార్చి పెట్టండి. వెలుగుకి ఎదురుగా చూస్తేనే రేణువులు మెరుస్తాయి.

మొదట గాలి ఉండగానే తట్టండి. ఉండలు టపటపా పడిపోతాయి, సన్న పొడి మాత్రం పొగలా సుడులు తిరుగుతుంది. 10 మైక్రాన్ల (ఇక్కడ మైక్రాన్ సైజు కొలత, మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు సెకనుకి 8 మి.మీ. దిగుతుంది. అంటే అడుగుకి చేరడానికి అర నిమిషం.

ఇప్పుడు పంపుకీ ఛాంబర్‌కీ మధ్య వాల్వ్ నెమ్మదిగా తెరిచి గాలి లాగండి. మొదట్లో లోపల సన్నగా మంచు పట్టినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. గాలి వ్యాకోచించి చల్లబడి, తేమ దుమ్ము కణాల చుట్టూ చేరుతుంది. సగం గాలి పోయాక మళ్లీ తట్టండి. రేణువు పడే వేగంలో తేడా ఉండదు! నాకు ఈ ప్రయోగంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. గాలి పలచబడినా దాని జిగట, అంటే కదిలే వస్తువుని పట్టి ఆపే గుణం, తగ్గదని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1860లో లెక్కగట్టి, తర్వాత భార్య కేథరిన్ సాయంతో ఇంట్లోనే ప్రయోగం చేసి చూశాడు.

అసలు మార్పు గేజ్ 1000 మైక్రాన్ల కిందికి దిగాకే. 750 దగ్గర గాలి అణువులు ఒకదానికొకటి తగలకుండా పోయే దూరం రేణువు సైజుకి ఆరేడు రెట్లవుతుంది. అదే రేణువు ఒక్క సెకనులో అడుగు చేరుతుంది. 75కి దిగితే పొగా లేదు, సుడీ లేదు. ఇసుక జారినట్టు తిన్నగా కిందపడుతుంది. 1972లో అపోలో 16 వ్యోమగాములు నడిపిన రోవర్ బండి చక్రాలు ఎగజిమ్మిన చంద్రుడి దుమ్ము కూడా ఇలాగే, మేఘంలా కమ్ముకోకుండా విసిరిన రాయిలా వంపు తిరిగి నేలకి చేరింది.

అయిపోయాక ముందు వాల్వ్ మూసి, తర్వాతే పంపు ఆపండి, లేకపోతే నూనె వెనక్కి వస్తుంది. గాలిని లోపలికి వదిలేటప్పుడు వాల్వ్ పిసరంత తిప్పి, పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి. ఒక్కసారి తెరిస్తే అడుగున పేరుకున్న పౌడరంతా లేచి గోడలకి అంటుకుంటుంది.