స్టెమ్ సెల్ సర్జన్ అవ్వాలంటే ఏ సీటు తీసుకోవాలి?

నీట్ ర్యాంకులు వచ్చిన వారంలో నాకు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల ఫోన్లు ఖాయం. "మావాడు రీజెనరేటివ్ మెడిసిన్ అంటున్నాడండీ, ఆ సీటు ఏ కాలేజీలో ఉంటుంది డాక్టర్ గారూ?" అంటారు. విజయవాడ సిద్ధార్థలోనూ లేదు, గుంటూరు మెడికల్ కాలేజీలోనూ లేదు, ఎంబీబీఎస్‌లో అలాంటి సీటే లేదు. కాలిపోయిన, అరిగిపోయిన, తెగిపోయిన భాగాన్ని తీసేసి ఊరుకోకుండా ఎక్కువగా మూలకణాలతో (స్టెమ్ సెల్స్, అంటే కొత్త కణాలను పుట్టించే కణాలు) మళ్లీ పెరిగేలా చేయడమే ఈ పని, అది చేసేవాళ్లంతా ముందు మామూలు కళ్ల సర్జన్లో, ఎముకల సర్జన్లో, ప్లాస్టిక్ సర్జన్లో అయినవాళ్లే.

కాబట్టి దారి మొదట్లో కొత్తగా ఏమీ ఉండదు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, నీట్ పీజీ, ఎంఎస్ మూడేళ్లు, ప్లాస్టిక్ సర్జరీ లాంటిదైతే ఎంసీహెచ్ ఇంకో మూడేళ్లు, ఆపైన ల్యాబ్ పని. ముప్పై దాటేవరకు ఇంట్లో "ఇంకా చదువేనా" అంటూనే ఉంటారు, ఆ లెక్క ముందే చెప్పేయండి.

అసలు ఆలోచించాల్సింది ఎంఎస్‌లో ఏ బ్రాంచి తీసుకోవాలన్న దగ్గర. చాలామంది "మూలకణాలతో ఏదైనా చేస్తా" అని బయల్దేరతారు, అది తలకిందుల ఆలోచన. ముందు జబ్బును పట్టుకోవాలి, ఆ భాగానికి తనంతట తాను పెరిగే గుణం ఉందో లేదో చూడాలి. చర్మం, రక్తం, కంటి పైపొర రోజూ పాతది పోయి కొత్తది వస్తూనే ఉంటాయి, అందుకే ఈ వైద్యం ముందు అక్కడే పనిచేసింది. మోకాలి చిప్ప కింద ఉండే మృదులాస్థికి (మామూలుగా గుజ్జు అంటాం) రక్తనాళాలే ఉండవు, దెబ్బ తగిలితే దానంతటది మానదు. 1994లో స్వీడన్ డాక్టర్లు రోగి మృదులాస్థి కణాలనే ల్యాబ్‌లో పెంచి మోకాల్లో తిరిగి పెట్టారు, కానీ అది వయసులో ఉన్నవాళ్లకి, ఒకచోట చిన్న గుంట పడితే పెట్టే వైద్యం, మోకాలంతా అరిగిపోయిన మామ్మలకు కాదు. నేను ఎముకల డాక్టర్ని, నాకే చెప్పడానికి కాస్త నామోషీగా ఉంది, ఈ విషయంలో కళ్లవాళ్లు మాకంటే చాలా ముందున్నారు.

వాళ్లు చేసేది ఒక్కటి దగ్గరగా చూడండి. తమలపాకుల్లోకి అమ్మే సున్నం ప్యాకెట్‌ని పిల్లలు ఆటకి నొక్కుతారు, అది పగిలి కంట్లో చిమ్ముతుంది. నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచులోనే మూలకణాలుంటాయి, ఆ అంచు కాలిపోతే నల్లగుడ్డు మీదికి తెల్లటి పొర, రక్తనాళాలు పాకి చూపు పోతుంది. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ప్రకటించిన పద్ధతిలో, బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, దాన్ని ఎనిమిది పది తునకలు చేస్తారు, దెబ్బతిన్న గుడ్డు మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి ఆ తునకలను జిగురుతో అక్కడక్కడా అతికిస్తారు. అంతకుముందు ఆ కణాలను ల్యాబ్‌లో దాదాపు రెండు వారాలు పెంచాల్సి వచ్చేది, ఇందులో రోగి కన్నే ల్యాబ్. ఆ ఆసుపత్రిని 1987లో మొదలుపెట్టిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు గుంటూరు మెడికల్ కాలేజీ విద్యార్థే. మన తాడిగడపలోనూ వాళ్ల ఆసుపత్రి ఉంది.

ఇక చేతి పనితనం సంగతి. రెండు మిల్లీమీటర్ల ముక్కని తునకలు చేయాలంటే ముందు వందల మామూలు ఆపరేషన్లు చేసుండాలి, పీజీలో నైట్ డ్యూటీ ఎగ్గొట్టి ల్యాబ్‌కి పోతానంటే నేనైతే ఒప్పుకోను. మామూలు కణాలను మళ్లీ మూలకణాల్లా మార్చి 2012లో నోబెల్ అందుకున్న జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనకా మొదట ఎముకల సర్జన్‌గానే శిక్షణ తీసుకున్నారు, ఇరవై నిమిషాల ఆపరేషన్‌కి తనకు రెండు గంటలు పట్టేదని ఆయనే చెప్పుకున్నారు. ఆయన కత్తి వదిలి ల్యాబ్‌కి వెళ్లి గెలిచారు. అదీ ఒక దారే, కానీ అప్పుడు మీరు సర్జన్ కారు, ఆ తేడా తెలిసి ఎంచుకోండి.

ల్యాబ్ విషయానికొస్తే, పీజీ థీసిస్‌ని సీనియర్ దగ్గర కాపీ కొట్టకుండా దాన్నే మొదటి మెట్టు చేసుకోండి. తర్వాత కణాల మీద పరిశోధన చేసే హైదరాబాద్ సీసీఎంబీ, వెల్లూరు సీఎంసీలోని స్టెమ్ సెల్ కేంద్రం లాంటి చోట ఒకటి రెండేళ్లు కూర్చోవాలి, వీలైతే పీహెచ్‌డీ. ల్యాబ్‌కి రాసేటప్పుడు మీ మెడల్స్ జాబితా పంపొద్దు, "ఈ రోగికి ఈ ఆపరేషన్ చేశాక ఇక్కడ ఇలా ఫెయిలవుతోంది, ఎందుకు?" అని ఒక్క ప్రశ్న రాయండి. ఆపరేషన్ థియేటర్లో మనం ఏం చూస్తామో ల్యాబ్‌లో వాళ్లకి కనబడదు, అందుకే అలాంటి ప్రశ్నకు జవాబు వస్తుంది.

రూల్స్ కూడా ఇప్పుడే నేర్చుకోండి. ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతాదంతా క్లినికల్ ట్రయల్ (మనుషుల మీద చేసే పరీక్ష) కిందే చేయాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, ట్రయల్స్ జాబితా ఉండే ప్రభుత్వ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు కావాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మా పెదనాన్నకి ఒకచోట "స్టెమ్ సెల్ ఇంజెక్షన్" అని చెప్పి రెండు మోకాళ్లకీ కలిపి చిన్న మోటార్‌సైకిల్ ఖరీదు లాగారు. కాగితాలు చూస్తే అది పీఆర్‌పీ, అంటే ఆయన రక్తమే తీసి యంత్రంలో గిర్రున తిప్పి ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగం ఎక్కించారు. అందులో స్టెమ్ సెల్ ఏదీ? ఇలాంటి బోర్డు కింద కూర్చుంటావా అని మీకూ ఎవరో ఒకరు ఆఫర్ ఇస్తారు, మంచి జీతమే ఇస్తామంటారు. వెళ్లకండి.

పెద్ద పేరున్నవాళ్లూ ఇక్కడే జారారు. సర్జన్ పావోలో మాకియారిని 2011లో స్టాక్‌హోమ్‌లో ప్లాస్టిక్ శ్వాసనాళానికి రోగి కణాలు పూసి అమర్చాడు, లోకమంతా ఆకాశానికెత్తింది. అక్కడ ఆయన ఆపరేషన్ చేసిన ముగ్గురూ తర్వాత చనిపోయారు, 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు రెండున్నరేళ్ల జైలు వేసింది. ల్యాబ్‌లో సరిగా తేలకముందే మనిషి మీదికి వెళ్లడమే అక్కడ జరిగిన తప్పు.

ల్యాబ్‌లో తేలడం అంటే ఎంత ఓపిక కావాలో నాకు మొదటి ఏడాదే తెలిసింది. మూడు వారాలు కష్టపడి పెంచిన కణాలను వదిలి సంక్రాంతికి గుంటూరు వచ్చాను, కణాలకు తిండిగా పోసే గులాబీ రంగు ద్రవం మార్చమని ఎవరికీ చెప్పలేదు. కనుమ మర్నాడు వెళ్లి ఇంక్యుబేటర్ తీస్తే ఫ్లాస్కులన్నీ పసుపచ్చగా మారి, రెండింట్లో దూదిలా బూజు తేలుతోంది. మీరు పండక్కి ఇంటికెళ్తే పక్క టేబుల్ వాళ్లకి ఫ్లాస్కులు అప్పగించి, తారీకులు రాసిన కాగితం ఇంక్యుబేటర్ తలుపుకి అంటించి వెళ్లండి, వచ్చేటప్పుడు వాళ్లకి అరిసెలు తీసుకెళ్లండి.