డీఎస్‌ఎల్‌ఆరా, మిర్రర్‌లెస్సా: బొమ్మ పదును ఇంట్లోనే పోల్చి చూసుకునే పద్ధతి

కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సుతో తీసిన పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) బొమ్మనీ, జూమ్ లేని కొత్త ప్రైమ్ లెన్సు తగిలించిన మిర్రర్‌లెస్ (అద్దం లేని కెమెరా) బొమ్మనీ పక్కపక్కన పెట్టి, అద్దం తీసేస్తే ఎంత పదునొచ్చిందో చూడండి అంటుంటారు. అక్కడ గెలిచింది లెన్సు. సెన్సర్ మీద వెలుగు పడే క్షణానికి డీఎస్‌ఎల్‌ఆర్‌లో కూడా అద్దం పైకి లేచి అడ్డు తప్పుకునే ఉంటుంది. అసలు తేడా రెండు చోట్లే వస్తుంది: ఫోకస్‌ని ఎక్కడ కొలుస్తున్నారు, బటన్ నొక్కినప్పుడు లోపల ఏం కదులుతోంది. ఈ రెంటినీ విడివిడిగా చూపించని పరీక్ష ఎంత ఓపిగ్గా చేసినా వృథా.

పరీక్ష మూడు విడతలు: చేతి ఫోకస్, ఆటోఫోకస్, అదురు. ముందు జత కుదరాలి. నికాన్ డి850 (డీఎస్‌ఎల్‌ఆర్), జెడ్7 (మిర్రర్‌లెస్) దీనికి చక్కగా సరిపోతాయి: రెండూ 45.7 మెగాపిక్సెళ్లే, రెంటికీ లో-పాస్ ఫిల్టర్ (సెన్సర్ ముందు బొమ్మని కాస్త మెత్తబరిచే పొర) లేదు, కనీస ఐఎస్‌ఓ (వెలుగుకి స్పందించే స్థాయి) రెంటికీ 64. కెనాన్‌లో 5డి మార్క్ 4 (30.4), ఈఓఎస్ ఆర్ (30.3) అలాంటి జతే. రెంటి మీదా ఒకే లెన్సు వాడాలి, మిర్రర్‌లెస్‌కి అడాప్టర్ వేసి. అడాప్టర్ పదును తినేస్తుందన్న భయం అక్కర్లేదు, దానిలో గాజే ఉండదు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఎఫ్ మౌంటుకి (లెన్సు తగిలించే చోటు) సెన్సర్ 46.5 మిల్లీమీటర్ల దూరంలో, మిర్రర్‌లెస్‌ల జెడ్ మౌంటుకి 16 దగ్గర ఉంటుంది. మధ్యలో మిగిలిన 30.5 మిల్లీమీటర్లు నింపే బోలు గొట్టమే ఎఫ్‌టీజెడ్ అనే నికాన్ అడాప్టర్. కాకపోతే పాత ఏఎఫ్-డి రకం నికాన్ లెన్సులకి దాని మీద ఆటోఫోకస్ పనిచేయదు, ఏఎఫ్-ఎస్ రకం తీసుకోండి. మెగాపిక్సెళ్లు తేడాగా ఉన్న బాడీలైతే పెద్ద బొమ్మని చిన్నదాని వెడల్పుకి తగ్గించి చూడాలి.

చెన్నైలో బాడీలు, లెన్సులు రోజు అద్దెకి దొరుకుతాయి. లెన్సు చేతికి తీసుకోగానే వెనక నుంచి మొబైల్ టార్చి వేసి ముందు నుంచి చూడండి. ఈ ఊరి తేమకి లోపల సాలెగూడులా ఫంగస్ పాకి ఉండొచ్చు. అలాంటి లెన్సులో కాంట్రాస్ట్ పడిపోతుంది, రెండు బాడీల మీదా బొమ్మ పాలిపోయి వస్తుంది.

టార్గెట్ కోసం మెరీనా లైట్‌హౌస్ దాకా వెళ్లొద్దు. ఎండ ఎక్కాక ఇసుక మీంచి లేచే వేడిగాలికి దూరపు గీతలన్నీ అలల్లా ఊగుతాయి, ఏ కెమెరా అయినా ఓడిపోతుంది. తెలుగు పత్రికలో చిన్న అక్షరాల పేజీని ప్లైవుడ్ మీద ముడత లేకుండా టేపుతో అంటించండి. నున్నటి కాగితం మీద అచ్చయిన వారపత్రిక అయితే ఇంకా మంచిది, న్యూస్‌ప్రింట్ మీద సిరా కాస్త పాకుతుంది. మన లిపి ఈ పనికి భలే పనికొస్తుంది: థ కడుపులో చుక్క, ధ కింద గీత, ఒత్తుల సందులు. పదును తగ్గితే ముందు పూడిపోయేవి అవే. మధ్యలో ఒకటి, నాలుగు మూలలా నాలుగు పేజీ ముక్కలు పెట్టండి.

దూరం ఫోకల్ లెంగ్త్‌కి (లెన్సు మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకె) 50 రెట్లు: 50 మిల్లీమీటర్ల లెన్సుకి 2.5 మీటర్లు. కెమెరా టార్గెట్‌కి నిటారుగా ఉందో లేదో తెలియాలంటే పలక మధ్యలో చిన్న చేతి అద్దం అంటించండి. వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) నడిమధ్యలో మీ లెన్సే మీకు కనిపించాలి, పక్కకి జరిగితే పలక వాలి ఉన్నట్టు. (అద్దం లేని కెమెరాకైనా అద్దం తప్పలేదు.)

మేడ మీద ఇల్లయితే ఫ్యాను, వాషింగ్ మెషీన్ ఆపండి. కెమెరాని ఏసీ గదిలోంచి తెస్తే సంచీ జిప్ తీయకుండా ఓ అరగంట ఉంచండి, లేకపోతే గాజు మీద ఆవిరి పడుతుంది. ట్రైపాడ్ మీద కాబట్టి బాడీలోనూ లెన్సులోనూ వీఆర్ (అదురు తగ్గించే ఏర్పాటు) ఆపాలి. రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైలు), 5 సెకన్ల టైమరు. ఎల్‌ఈడీ వెలుగైతే మెకానికల్ షట్టరుతో 1/50 గానీ 1/100 సెకను గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. అలాంటి వెలుగులో ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే అడ్డ చారలు పడతాయి. వేగం మార్చాల్సిన మూడో విడతకి కిటికీ వెలుగే మేలు.

మొదటి విడత చేతి ఫోకస్‌తో. డి850లో లైవ్ వ్యూ (వెనక తెర మీద చూసే పద్ధతి) పెట్టి బొమ్మని పూర్తిగా జూమ్ చేసి, థ లో చుక్క విడిగా తేలేదాకా రింగు తిప్పండి. జెడ్7లోనూ అంతే. అపెర్చర్, అంటే లెన్సు లోపలి రంధ్రం, ఎఫ్/1.8, ఎఫ్/4, ఎఫ్/8 దగ్గర పెట్టి తీయండి; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/11 దాటితే ఇన్ని మెగాపిక్సెళ్ల మీద డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం) తేడాల్ని కప్పేస్తుంది. ఈ విడతలో రెండు బొమ్మలూ కవల పిల్లల్లా ఉండాలి. లేవంటే పరీక్ష అమరికలోనే తప్పుంది, ముందుకి పోకండి. ఒక మూల మాత్రమే మసగ్గా ఉంటే కెమెరాని తలకిందులు చేసి మళ్లీ తీయండి: మసక ఫ్రేములో అదే మూలన ఉండిపోతే లెన్సు లోపం, టార్గెట్‌తో పాటు కదిలితే పలక వాలింది.

రెండో విడత ఆటోఫోకస్, లెన్సు పూర్తిగా తెరిచి. ఒక్కో కెమెరాతో 10 బొమ్మలు. ప్రతిసారీ ముందు రింగు తిప్పి ఫోకస్ చెడగొట్టాలి, ఒకసారి దగ్గరికి, ఒకసారి అనంతానికి. డి850ని వ్యూఫైండర్‌లోంచే వాడండి, ఇక్కడే అసలు కథ ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కొలిచే భాగం అద్దం కింద, పెట్టె అడుగున వేరే ఉంటుంది. ఆ దారి పొడవు, సెన్సర్ దారి పొడవు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ ముందుకో వెనక్కో జారుతుంది. మిర్రర్‌లెస్ బొమ్మ తీసే సెన్సర్ మీదే కొలుస్తుంది కాబట్టి ఆ బెడద లేదు. 50 మిల్లీమీటర్లు, ఎఫ్/1.8, 2.5 మీటర్లకి పుస్తకాల లెక్కలో 27 సెంటీమీటర్లదాకా ఫోకస్‌లో ఉండాలి. 45 మెగాపిక్సెళ్లని 100 శాతంలో చూస్తే నిజంగా పదునుగా ఉండేది అందులో మూడో వంతు కూడా కాదు.

పదీ ఒకేలా మెత్తగా వస్తే సరిచేయొచ్చు. టార్గెట్ పక్కన ఒక స్కేలుని 45 డిగ్రీల్లో వాల్చి, దాని సున్నా పలకతో సమంగా వచ్చేలా పెట్టి తీయండి. పదును సున్నాకి ముందు పడుతుంటే ఏఎఫ్ ఫైన్-ట్యూన్‌లో (ఫోకస్ జారుడుని సరిచేసే మెనూ) ప్లస్ వైపు, వెనక పడుతుంటే మైనస్ వైపు జరపాలి. హద్దు 20 మెట్లు, ఐదేసి మెట్లు జరుపుతూ చూడండి. మీరు మామూలుగా ఫొటోలు తీసే దూరంలోనే ఇది చేయాలి. పదిలో నాలుగు పదునుగా, ఆరు తలోవైపూ పడితే మాత్రం ఫైన్-ట్యూన్ ఏం చేయలేదు.

మూడో విడత అదురు. మళ్లీ చేతి ఫోకస్, 1/4 నుంచి 1/250 దాకా ఒక్కో మెట్టు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో సుమారు 1/8 నుంచి 1/60 మధ్య అద్దం కొట్టే దెబ్బ కనిపిస్తుంది, ట్రైపాడ్ పలచనైతే మరీను. మిర్రర్ లాకప్ (అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే పద్ధతి) పెట్టి తీసిన బొమ్మతో పోల్చండి. మిర్రర్‌లెస్ కూడా శుద్ధపూసేం కాదు: తెరిచి ఉన్న షట్టర్ ముందు మూసుకుని, తెరుచుకుని, మళ్లీ మూసుకోవాలి. ఆ కుదుపు 1/60 నుంచి 1/200 దాకా పట్టుకుంటుంది. ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (షట్టర్ మొదటి కదలికని సెన్సరే చేసే పద్ధతి) పెడితే పోతుంది. అయితే పట్టపగలు ఎఫ్/1.4, 1/2000 లాంటి వేగాల్లో అదే కర్టెన్ వెనకటి బొకే (మసక వెలుగు) గుండ్రాల్ని కోసేస్తుంది, అప్పుడు మెకానికల్‌కి మారండి.

కంప్యూటర్‌లో జేపీజీలు పోల్చకండి, అవి కంపెనీల అభిరుచుల పోటీ. ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ రా ఫైలుకి తనంతట తనే 40 షార్పెనింగ్ (పదును పెంపు) వేస్తుంది, రెంటికీ సున్నా చేయండి. లెన్స్ ప్రొఫైల్ కూడా తీసేయండి, వంకర సరిదిద్దేందుకు మూలల్ని సాగదీసినప్పుడల్లా అక్కడ పదును పోతుంది. మిర్రర్‌లెస్ సొంత లెన్సుతో పోలిక కావాలంటే ఇదంతా అయ్యాక విడిగా చేసుకోండి. మూలల్లో తేడా కనిపిస్తుంది, అది లెన్సు ఖాతాలో వేయండి.

నికాన్ డి3500, డి5600, కెనాన్ 1500డి లాంటి బాడీల్లో ఫైన్-ట్యూన్ మెనూయే లేదు. రెండో విడతలో అవి ఫోకస్ తప్పుతుంటే, కదలని వాటికి లైవ్ వ్యూలో ఫోకస్ చేయండి, మనుషులకి ఎఫ్/2.8 దాకా అపెర్చర్ మూయండి, లేదా బాడీ, లెన్సు రెండూ కలిపి సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. లెన్సు ఒక్కటే ఇస్తే వాళ్లు దాన్ని తమ దగ్గరున్న బాడీకి సరిపెట్టి పంపుతారు, మీ బాడీ తేడా అలాగే మిగిలిపోతుంది.