అంబాసిడర్ ఇంజను మన చేతులతో – 6వ పాఠం: అసలు ట్యాపెట్ ఏది?

పోయిన పాఠంలో "ట్యాపెట్లు తీసి, ఏది ఎక్కడిదో చెదరకుండా వరసగా పెట్టుకోండి" అని ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్లిపోయాను. చాలామంది రాకర్ ఆర్మ్‌ల (వాల్వ్‌లను నొక్కి తెరిచే చిన్న లివర్లు) మీదున్న అడ్జస్టింగ్ స్క్రూలు విప్పి, ఎనిమిదింటినీ బుద్ధిగా పేర్చి ఫొటోలు పంపారు. తప్పు మీది కాదు. మన షెడ్లలో రాకర్ల మీది రేకు మూత ట్యాపెట్ కవరు. స్క్రూ తిప్పి గ్యాప్ సరిచేస్తే ట్యాపెట్ సెట్టింగ్. ఇంజను టకటకలాడితే ట్యాపెట్ సౌండు. ఇన్నిసార్లు పేరు విన్నవాడు కూడా అసలు ట్యాపెట్‌ని కళ్లతో చూసి ఉండడు, ఎందుకంటే అది పైన ఉండదు. వాల్వ్ గ్రైండింగ్ వచ్చేసారికి ఆపి, ఈసారి కింది నుంచి పైకి వెళ్దాం.

మనది 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ పెట్రోలు ఇంజను. డీజిల్, ఇసుజు బళ్లవాళ్లు ఈ కొలతలు వాడొద్దు. వాల్వ్‌లను ఎత్తే ఉబ్బెత్తులున్న కడ్డీ, అంటే క్యామ్ షాఫ్ట్, బ్లాకులో ఉంటుంది. దాని మీద నిలబడి లేచి దిగేదే ట్యాపెట్. అడుగు మూసి ఉన్న చిన్న ఉక్కు గ్లాసు అనుకోండి. ట్యాపెట్ కదలికను పైకి రాకర్‌కి అందించే పొడుగు కడ్డీ పుష్‌రాడ్. దాని కింది గుండు ఆ గ్లాసులో కూర్చుంటుంది. రాడ్ పై చివర చిన్న గిన్నెలా ఉంటుంది, అందులో అడ్జస్టింగ్ స్క్రూ గుండు ఆనుతుంది. రాకర్ రెండో కొస వాల్వ్ కాడను నొక్కుతుంది. వాల్వ్‌ని తిరిగి మూసే స్ప్రింగులు, వాటిని కాడకు పట్టి ఉంచే కాటర్ లాకుల సంగతి మీకు తెలిసిందే.

ట్యాపెట్లు తీయాలంటే మానిఫోల్డ్ వెనక బ్లాకు పక్కనున్న రెండు రేకు మూతలు విప్పాలి. ట్యాపెట్లు జిగురు పట్టి పైకి రాకపోతే కిరోసిన్ పోసి ఓ రాత్రి వదిలేయండి. కటింగ్ ప్లేయర్ పెట్టి లాగొద్దు. ట్యాపెట్ అడుగు భాగాన్ని వెలుతురులో వంచి చూడండి. చుట్టూ సమానంగా మెరిసే వలయాలుంటే అది తన చోట తిరుగుతూ అరిగింది, మంచిదే. అడ్డంగా ఒకే గీత పడితే తిరగడం ఆగిపోయింది, సూదితో పొడిచినట్టు గుంటలుంటే పైపొర పాడైంది, ఏదున్నా దాన్ని పారేయండి. పాత క్యామ్ మీద పాత ట్యాపెట్లు పెడితే ఏ రంధ్రంలోది ఆ రంధ్రంలోకే వెళ్లాలి. కొత్త క్యామ్ వేస్తే ట్యాపెట్లు కూడా కొత్తవే వేయాలి, ఇందులో బేరం లేదు. నేను అట్టపెట్టెకు ఎనిమిది రంధ్రాలు పొడిచి, రేడియేటర్ వైపు నుంచి నంబర్లు వేసి, పుష్‌రాడ్లు వాటిలో గుచ్చుతాను. ఒక్కో రాడ్ పక్కనే దాని ట్యాపెట్.

ఇంకో ఫిర్యాదు: "రాకర్ షాఫ్ట్ ఒక్కటే తీసి పెట్టాం, ఆయిల్లోకి నీళ్లు దిగాయి." రాకర్లన్నీ గుచ్చి ఉండే కడ్డీ రాకర్ షాఫ్ట్. దాన్ని మోసే పీఠాలకు ఎనిమిది నట్లుంటే వాటిలో నాలుగు హెడ్‌ని (సిలిండర్ల పైనుండే దిమ్మ) కూడా పట్టి ఉంచేవే. ఆ నాలుగూ వదులు చేసి, మిగతా హెడ్ నట్లు బిగువుగా వదిలేస్తే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ దగ్గర నీళ్లు కారతాయి. ముందు రేడియేటర్ నీళ్లు వదలండి. తర్వాత హెడ్ నట్లన్నీ కొంచెం కొంచెంగా, వరస తప్పకుండా వదులు చేయండి. ఇది పోయినసారే చెప్పాల్సింది, చెప్పలేదు.

ఇక ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైంది, ఎన్ని ఇంజన్లలో చూసినా నాకు మనసు కష్టపెట్టేది: రాకర్ కొన మీద గాడి.

రాకర్ కొన వాల్వ్ కాడను లక్షలసార్లు కొట్టీ కొట్టీ, ఆ కాడ వెడల్పున గుంట పడుతుంది. చల్లారిన ఇంజనుకి రాకర్ కొనకీ వాల్వ్ కాడకీ మధ్య గ్యాప్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.38 మిల్లీమీటర్లు. గ్యాప్ కొలిచే ఫిల్లర్ గేజ్ రేకు గాడికన్నా వెడల్పు కాబట్టి గుంటలోకి దిగదు, రెండు గట్ల మీద వంతెనలా ఆనుతుంది. గాడి లోతు 8 థౌ ఉందనుకోండి. రేకు బిగువుగా ఆడింది, 15 వచ్చిందని మీరు తృప్తిపడతారు, అసలు గ్యాప్ 23. ఇంజను టకటకలాడుతుంది. మళ్లీ 15 పెడతారు, మళ్లీ 23. గాడి 4 థౌ అయితే 19, 10 థౌ అయితే 25. చివరికి విసుగొచ్చి సౌండు పోయేదాకా బిగించేస్తారు. గాడి తక్కువున్న రాకర్ దగ్గర కూడా అదే చేయి పడితే గ్యాప్ మిగలదు. వేడెక్కిన కాడ పొడుగు సాగుతుంది, వాల్వ్ తన సీటు (మూసుకున్నప్పుడు ఆనే వలయం) మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగం వదిలించుకునేది సీటు ఆనినప్పుడే. అది ఆనకపోతే అంచు కాలి చిన్న ముక్క ఎగిరిపోతుంది. నా మొదటి బండికి సరిగ్గా ఇదే జరిగింది. సౌండు లేకుండా సెట్ చేసి ఇచ్చారని సంతోషించాను, కొన్నాళ్లకే నాలుగో సిలిండర్ చచ్చింది. హెడ్ దించి చూస్తే వాల్వ్ అంచు కొరికిన బిస్కెట్‌లా ఉంది.

కాబట్టి కొంచెం సౌండు ఉంటే ఉండనివ్వండి. గాడిని గోటితో తడమండి, గోరు గట్టిగా తట్టుకుంటే రాకర్ మార్చండి. గాడి పల్చగా ఉంటే లేత్ షాపులో కొన సాపు చేయించవచ్చు గానీ పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు, రెండు మూడు థౌలు మించి తీయనివ్వొద్దు. నేనైతే ఒక 15 థౌ రేకును గాడిలో పట్టేంత సన్నగా కోయించి ఉంచుకున్నాను. రాకర్ షాఫ్ట్‌ని పైనుంచి చూసి బాగుందనుకోవద్దు. పుష్‌రాడ్, వాల్వ్ స్ప్రింగ్ రెండూ రాకర్‌ని పైకే తోస్తాయి గనక షాఫ్ట్ అరిగేది అడుగున. తిప్పి చూడండి.

సెట్టింగ్‌కి తొమ్మిది లెక్క గుర్తుంచుకుంటే చాలు. వాల్వ్‌లను రేడియేటర్ వైపు నుంచి లెక్కపెట్టండి. 8వ వాల్వ్ పూర్తిగా తెరిచినప్పుడు 1వది సెట్ చేయాలి, 6 తెరిస్తే 3, ఎప్పుడూ రెండూ కలిపి తొమ్మిది. 1, 4, 5, 8 ఎగ్జాస్ట్‌లు, మిగతావి ఇన్లెట్‌లు.

అభ్యాసం: ఇంజను ఇంకా విప్పనివాళ్లు ప్లగ్గులు తీసి, బండి ముందు నుంచి స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఏ వాల్వ్ ఎప్పుడు పూర్తిగా తెరుచుకుందో వరసగా రాయండి. 8తో మొదలుపెడితే తర్వాత 6, 4, 7, 1, 3, 5, 2 రావాలి. వాటిలో 8, 6 దగ్గరదగ్గరగా వస్తాయి, 6కీ 4కీ మధ్య చాలా తిప్పాలి. అలా ఎందుకో ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరస) 1-3-4-2 పక్కన పెట్టుకుని మీరే తేల్చండి. విప్పేసినవాళ్లు ఎనిమిది రాకర్ల గాడులకూ అడ్డంగా స్టీల్ స్కేలు అంచు ఆనించి, కింద ఫిల్లర్ రేకు దూర్చి లోతు కొలిచి రాయండి. నాలుగు థౌ దాటినవి పక్కన పెట్టండి. స్క్రూలు విప్పినవాళ్లు వాటిని తిరిగి ఏ రాకర్‌లోది ఆ రాకర్‌లోనే బిగించి, లాక్ నట్లు చేతి బిగువున ఉంచితే చాలు.