ముసురు పట్టినా మొరాయించకుండా: డెల్టా ఇళ్లలో కంప్యూటర్, గేమింగ్, ఈ-పుస్తకాల సమస్యలు, పరిష్కారాలు

గోదావరి డెల్టాలో కంప్యూటర్ ఆగిపోతే చాలామంది ముందు మదర్‌బోర్డునో, ర్యామ్‌నో అనుమానిస్తారు. ఇక్కడ ఎక్కువగా దెబ్బకొట్టేవి వేరే రెండు: గాలిలోని చెమ్మ, గోడ సాకెట్‌లోని కరెంటు. రెండింటినీ పెద్ద ఖర్చు లేకుండా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. అవి తేలకుండా కొత్త విడిభాగం కొంటే అది కూడా కొన్నాళ్లకు అదే దారి పడుతుంది. దగ్గర ఉంచుకోవాల్సినవి కొన్నే: డిజిటల్ మల్టీమీటర్, స్టార్ స్క్రూడ్రైవర్, మెత్తటి పెయింటింగ్ బ్రష్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, తెల్లటి పెన్సిల్ రబ్బరు.

ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద బొమ్మ రాదు

వాన నాలుగు రోజులు విడవకుండా పట్టాక, లేదా ఊరెళ్లి వచ్చి వారం తర్వాత ఆన్ చేసినప్పుడు ఈ సమస్య ఎక్కువ. స్పీకర్ ఉన్న బోర్డయితే బీప్ బీప్‌మంటుంది. కొత్త బోర్డుల్లో ‘డీర్యామ్’ అన్న చిన్న లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది.

కారణం: ర్యామ్ కడ్డీ అంచున ఉండే బంగారు పూత కాంటాక్టులకూ స్లాట్‌లోని పిన్నులకూ మధ్య సన్నటి మురికి పొర ఏర్పడుతుంది. బంగారం తుప్పు పట్టదు. కానీ పూత చాలా పలచన. దానిమీద చేరిన దుమ్ము చెమ్మను పీల్చుకుంటుంది. అంతర్వేది, నరసాపురం, యానాం వైపు ఆ చెమ్మలో ఉప్పు కూడా ఉంటుంది. కంటికి కనిపించని ఆ పొర చాలు, సిగ్నల్ ఆగిపోవడానికి.

చేయాల్సింది: స్విచ్ ఆపి పవర్ కార్డు పీకేయండి. పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన చార్జి దిగిపోతుంది. ర్యామ్ తీసి, బంగారు అంచు మీద రబ్బరుతో ఒకే దిక్కుగా రెండు మూడుసార్లు తేలిగ్గా రుద్దండి. పొడి దులిపి, ఆల్కహాల్‌తో తడిపిన నూగు రాలని గుడ్డతో తుడవండి. ఆ తర్వాత అంచుకు వేలు తగలకూడదు, చెమట మళ్లీ అదే పొర వేస్తుంది. స్లాట్‌ను పొడి బ్రష్‌తో ఊడ్చండి. రెండు కడ్డీలున్నా మొదట ఒక్కటే పెట్టండి. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండోది సరైన చోటు, అయినా బోర్డు పుస్తకం చూసుకోండి. క్లిక్‌మని పట్టేదాకా రెండు చివరలా సమానంగా నొక్కాలి. సగం దిగిన ర్యామ్ కూడా ఇదే లక్షణం చూపిస్తుంది.

డీడీఆర్5 ర్యామ్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. ర్యామ్ తీసి పెట్టాక మొదటిసారి ఆన్ చేస్తే బోర్డు మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పది నిమిషాలు ఓపిక పట్టండి.

రబ్బరు వైద్యం మాటిమాటికీ చేస్తే ఆ పలచని బంగారు పూతే అరిగిపోతుంది. కాబట్టి సమస్య రాకుండా చూసుకోవడమే మేలు. ముసురు రోజుల్లో రోజు విడిచి రోజైనా అరగంట ఆన్ చేసి ఉంచండి, లోపలి వేడికి చెమ్మ ఆరిపోతుంది. వాడనప్పుడు ప్లాస్టిక్ కవరు తొడగడం ఇక్కడ చాలా ఇళ్లలో అలవాటు. అది చెమ్మను లోపలే బంధిస్తుంది. పాత నూలు పంచె కప్పితే దుమ్మూ ఆగుతుంది, గాలీ ఆడుతుంది. ఏసీ గదిలో చల్లబడ్డ లాప్‌టాప్‌ను ఉక్కపోతలోకి తెచ్చి వెంటనే ఆన్ చేయకండి. చల్లటి లోహం మీద మంచులా నీరు పడుతుంది. అరగంట ఆగితే చాలు.

తేదీ, సమయం మారిపోతున్నాయి, వెబ్‌సైట్లు ‘భద్రత లేదు’ అంటున్నాయి

బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది. 2.7 కంటే తగ్గితే మార్చేయండి. గడియారం తప్పితే సైట్ల భద్రతా సర్టిఫికెట్ల గడువు లెక్క కూడా తప్పుతుంది, ఆ హెచ్చరికలు అందుకే.

కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది

దీన్ని ‘కొంచెం ఎర్త్ కొడుతోంది’ అని తేలిగ్గా వదిలేయకండి. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా ఎస్‌ఎంపీఎస్. దాని లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు కేబినెట్ లోహానికి కలిసి ఉంటాయి. విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఇంట్లో ఎర్త్ పనిచేయకపోతే ఆ కరెంటు ఎటూ పోలేక, కేబినెట్ మీద మెయిన్స్‌లో దాదాపు సగం, అంటే 110 వోల్టుల చుట్టుపక్కల నిలుస్తుంది. కరెంటు పరిమాణం తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ ఎస్‌ఎంపీఎస్‌లోనో, అదే లైన్ మీది ఫ్రిజ్‌లోనో నిజంగా ఫేజ్ బాడీకి తగిలిన రోజు కాపాడేదేమీ ఉండదు.

మల్టీమీటర్‌ను ఏసీ 600 లేదా 750 వోల్టుల దగ్గర పెట్టి సాకెట్ చూడండి. మన సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడి ఫేజ్, ఎడమ న్యూట్రల్. ఫేజ్-న్యూట్రల్ మధ్య ఎంత వస్తుందో ఫేజ్-ఎర్త్ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఫేజ్-ఎర్త్ వందో, నూటయాభయ్యో చూపిస్తూ ఊగుతుంటే ఎర్త్ తెగినట్టే.

ముందుగా చూడాల్సింది ఎర్త్ గొయ్యి దగ్గర తీగను బిగించిన బోల్టు. తీరం దగ్గరి ఊళ్లలో అది తుప్పు పట్టి, రాగి తీగైతే పచ్చగా చిలుము పట్టి, చూడటానికి ఉన్నట్టే ఉండి పట్టు వదిలేస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో గీకించి, కొత్త క్లాంపు వేయించి, పైన గ్రీజు పూయించండి. కొత్త గొయ్యి వేయించాల్సి వస్తే రెండున్నర మీటర్లకు తగ్గని రాడ్డు దింపించండి. డెల్టా నేలలో నీరు పైనే ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది. ఉప్పునీటి నేలల్లో గొయ్యిలో మళ్లీ ఉప్పు పోయించడం అనవసరం, జీఐ పైపును అది ఇంకా త్వరగా తినేస్తుంది. రాగి పూత రాడ్డు, బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి) మిశ్రమం ఎక్కువకాలం నిలుస్తాయి. మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ఆ పనితోనే పెట్టించండి. సాకెట్‌లో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ తీగతో కలిపేసే ‘చిట్కా’ మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. బయట న్యూట్రల్ తెగితే ఇంట్లోని ప్రతి లోహపు వస్తువూ ఫేజ్ అవుతుంది.

ఎర్త్ సరిగా లేని ఇంట్లో కంప్యూటర్‌ను టీవీకి కలిపేటప్పుడు హెచ్‌డీఎంఐ పోర్టు కాలిపోవడానికీ ఇదే కారణం. కేబుల్ టీవీ తీగ మరోచోట ఎర్త్ అయి ఉంటుంది, ఆ తేడా అంతా పోర్టు గుండా ప్రవహిస్తుంది. రెండింటి ప్లగ్గులూ పీకి, హెచ్‌డీఎంఐ కలిపాకే మళ్లీ పెట్టండి.

గేమ్ మధ్యలో కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది

ఎప్పుడవుతోందో గమనించండి, సగం సమాధానం అందులోనే ఉంది.

రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువైతే వోల్టేజీ చూడండి. భీమవరం, ఆకివీడు, ఉండి చుట్టూ చేపల, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయే వేళ అదే. నీటికి గాలి అందించే ఏరేటర్లు వరసగా ఆన్ అవుతాయి. మోటారు తిరగడం మొదలైన క్షణంలో లాగే కరెంటు మామూలుకన్నా చాలా రెట్లు ఎక్కువ కాబట్టి లైను చివర ఉన్న ఇంట్లో వోల్టేజీ ఒక్కసారిగా పడుతుంది. సరఫరా 230 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. మీ ఎస్‌ఎంపీఎస్ మీది లేబుల్ చదవండి: ‘100-240’ అని ఉంటే తక్కువ వోల్టేజీని తట్టుకుంటుంది, ‘200-240’ అని ఉంటే తట్టుకోదు. పరిష్కారం ఏవీఆర్ (వోల్టేజీని తానే సరిచేసే ఏర్పాటు) ఉన్న లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్. దాని ముందు మళ్లీ స్టెబిలైజర్ వద్దు.

కరెంటు పోయిన క్షణంలోనే అయితే, ఇన్వర్టర్ ఉన్నా సరే, దాని వెనకున్న స్విచ్ చూడండి. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఫ్యానుకు తెలియదు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లే నిలబడగలదు. స్విచ్‌ను ‘యూపీఎస్’ వైపు తిప్పితే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (లాగే కరెంటును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని ఇమడవు, వాటికి ప్యూర్ సైన్ వేవ్ కావాలి.

గ్రాఫిక్స్ ఎక్కువున్న సన్నివేశంలో, యూపీఎస్ మీద ఉన్నప్పుడు మాత్రమే అయితే సామర్థ్యం చాలడం లేదు. 600 వీఏ అని రాసున్న యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్, మానిటర్ కలిపి అంతకు మించి లాగుతాయి. 1000 వీఏ లేదా పైది తీసుకోండి. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

వేళాపాళా లేకుండా లైట్లు ఒక గదిలో దేదీప్యమానంగా, మరో గదిలో గుడ్డిగా ఉంటే అది కంప్యూటర్ సమస్యే కాదు. న్యూట్రల్ వదులైంది. వెంటనే మెయిన్ ఆపి లైన్‌మన్‌ను పిలవండి. ఆ స్థితిలో సాకెట్‌లోకి 300 వోల్టులకు పైగా రావచ్చు.

ఆడిన పావుగంటకే గేమ్ నత్తనడక

వేడి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ప్రోగ్రాంలో ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటి, వేగం పడిపోతూ కనిపిస్తే నిర్ధారణ అయినట్టే. మండపేట, రామచంద్రపురం లాంటి మిల్లుల ఊళ్లలో గాలిలో ఊకబూడిద ఉంటుంది. అది చాలావరకు సిలికా. ఫ్యాన్ బేరింగును అరగదీస్తుంది, రేడియేటర్ రెక్కల మధ్య చెమ్మతో కలిసి గట్టిపడుతుంది. కోనసీమలో పీచు మిల్లు పక్కనైతే కొబ్బరి పొట్టు. మూడు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదండి, ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపి పట్టుకోండి. థర్మల్ పేస్టు రెండు మూడేళ్లకోసారి, బఠానీ గింజంత చాలు.

వెనక ఖాళీ స్లాట్లకు రేకులు లేకపోతే తప్పకుండా బిగించండి. వెచ్చదనానికి బల్లులు దూరి ఎస్‌ఎంపీఎస్‌లో షార్ట్ చేస్తాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకండి, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన చార్జి ఉండిపోతుంది.

ఇంటర్నెట్ వేగం బాగుంది, ఆటలో మాత్రం ల్యాగ్

వేగం వేరు, ఆలస్యం వేరు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు రూటర్‌ను పింగ్ చేయండి, అంటే ping అని కొట్టి దాని చిరునామా రాస్తే జవాబు రావడానికి పట్టే సమయం చూపిస్తుంది (చాలా రూటర్ల చిరునామా 192.168.1.1). కేబుల్ మీద 1 మిల్లీసెకను, వైఫై మీద నాలుగైదు దాటకూడదు. అక్కడే 50, 200 అని ఎగురుతుంటే తప్పు ఇంట్లోనిదే. మండువా ఇళ్ల మందపాటి గోడలు 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను దాదాపు మింగేస్తాయి. 2.4 దూరం వెళ్తుంది కానీ పక్కిళ్లతో పోటీ. 1, 6, 11 చానెళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. అన్నిటికన్నా మంచిది క్యాట్6 కేబుల్. మేడ మీదికో పక్కింటికో ఆరుబయట వేయాల్సి వస్తే రాగి తీగ వద్దు, పిడుగుల కాలంలో రెండు వైపులా పోర్టులు పోతాయి. ఫైబర్, దాన్ని మామూలు పోర్టుకు కలిపే మీడియా కన్వర్టర్లు వాడండి.

రూటర్ దాకా బాగుండి ఆ పైన ఎగిరితే, ఇంట్లో ఏదో ఫోన్ ఫొటోలు అప్‌లోడ్ చేస్తోందేమో చూడండి. అదీ కాకపోతే ఆపరేటర్‌తో మాట్లాడాలి. ఫైబర్ వచ్చి కలిసే డబ్బా మీద ‘లాస్’ ఎర్రలైటు వెలిగితే ఫైబర్‌లో వెలుగు రావడం లేదని అర్థం. బల్ల వెనక పసుపు తీగ మడత పడిందేమో చూడండి, వంపు మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధానికి తగ్గకూడదు. రూటర్ పేజీలో ఆప్టికల్ పవర్ మైనస్ 27 డీబీఎం కంటే కిందకు జారితే స్తంభం దగ్గర జాయింటు మళ్లీ వేయాల్సిందే. ఆ అంకె చెప్పి ఫిర్యాదు చేస్తే పని త్వరగా అవుతుంది.

స్నేహితులు మీ మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లోకి రాలేకపోతే, రూటర్‌లో పోర్టు తెరిచినా ఫలితం లేకపోతే, ఆపరేటర్ ఒకే ఐపీని (ఇంటర్నెట్ చిరునామాను) చాలా ఇళ్లకు పంచుతున్నాడు. మీకొక్కరికే ఉండే, మారని స్టాటిక్ ఐపీ అడగండి, లేదా కొత్త తరహా చిరునామా ఐపీవీ6 ఇస్తున్నారేమో కనుక్కోండి.

తెలుగు ఈ-పుస్తకం తెరిస్తే పిచ్చి అక్షరాలు

మూడు వేర్వేరు జబ్బులు ఒకేలా కనిపిస్తాయి.

ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉంటే అది అను లాంటి పాత ఫాంటులో టైపు చేసిన పాఠం. దాని సంకేతాలు అన్ని పరికరాలూ గుర్తించే యూనికోడ్‌వి కావు. ఫాంటు వేస్తే చదవగలరు కానీ వెతకలేరు, ఫోన్‌లోకి పంపలేరు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ముఖ్యంగా వత్తులూ ‘ర’ వత్తూ ఉన్న మాటలు కంటితో సరిచూడండి.

అక్షరాలు తెలుగే, వత్తులు కిందకు దిగకుండా పొల్లుతో పక్కన నిలబడితే లోపం ఆ యాప్‌ది. అక్షరాలను కూర్చే ఇంజిన్ తెలుగును ఎరగదు. ఫాంటు మార్చినా లాభం లేదు, యాప్ మార్చండి. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే మాత్రం ఫాంటే లేదు. నోటో సెరిఫ్ తెలుగు గానీ మండలి గానీ వేసుకోండి, రెండూ ఉచితం.

స్కాన్ చేసిన పీడీఎఫ్ ఆరంగుళాల ఈ-రీడర్‌లో చీమల బారులా కనిపిస్తే దాన్ని అడ్డంగా తిప్పండి. అది చాలకపోతే కే2పీడీఎఫ్‌ఆప్ట్ అనే ప్రోగ్రాం అంచులు కత్తిరించి, బొమ్మగా ఉన్న పంక్తులనే తెరకు తగ్గట్టు మళ్లీ పేరుస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకాలకు ఇది బాగా పనికొస్తుంది. అయితే ముందు తెలుగు వికీసోర్స్‌లో అదే పుస్తకం ఉందేమో చూడండి. అక్కడ మనుషులు అచ్చుతప్పులు దిద్దిన పాఠం ఈపబ్ (ఈ-పుస్తకం ఫైలు) గా దించుకోవచ్చు.

యూనికోడ్ పుస్తకంలోనే ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాట వెతికితే దొరకడం లేదా? ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు ఉంటుంది. మీరు టైపు చేసినదాంట్లో అది లేకపోతే రెండూ వేర్వేరు మాటలని యంత్రం లెక్క. ‘వేర్’ అని రెండో సగం మాత్రమే కొట్టి వెతకండి, దొరుకుతుంది.