సముద్రపు కయాక్‌కి జంట తెడ్లు బిగించాక వచ్చే సమస్యలు - పరిష్కారాలు

సోనాపూర్ దగ్గర బాహుదా నది మొగలో కయాక్ (సన్నటి చిన్న పడవ) మీద గంటసేపు తిరగడానికి రెండు చివరలా ఆకులుండే కయాక్ తెడ్డు చాలు. కానీ రంభలో దిగి చిలికా సరస్సులో రోజంతా పోవాలంటే భుజాలు పడిపోతాయి, అదే వెనక్కి తిరిగి కూర్చుని చేతికొకటి పట్టి లాగే జంట తెడ్లయితే కాళ్ల బలం కూడా కలిసొస్తుంది, అందుకే ఇచ్ఛాపురంలో మా ఇంటి పెరట్లోనే నా కయాక్ మీద జారే సీటు, పక్కలకి చాచిన రిగ్గర్లు (తెడ్లని మోసే కడ్డీలు) ఉన్న ఫ్రేమ్ కూర్చోబెట్టాను. ఏ ఇబ్బంది వచ్చినా ముందు తెడ్లనే అనుమానించాను. తీరా చూస్తే దాదాపు అన్నిసార్లూ తేడా కొలతల్లోనే ఉంది.

ఎక్కగానే పడవ పక్కకి ఒరుగుతోందా? సీటు ఎత్తు ఎక్కువైంది. కయాక్ వెడల్పు 55-60 సెంటీమీటర్లే, దాని డెక్ మీద ఫ్రేమ్, ఫ్రేమ్ మీద సీటు అంటే బరువంతా పైకి పోతుంది. సీటుని వీలైనంత దించండి. ఆగినప్పుడు రెండు తెడ్లూ నీళ్ల మీద పరిచి, పిడులు చేత్తో పట్టుకునే ఉండండి. వదిలేస్తే బోల్తానే.

పిడులు ఒకదానికొకటి తగిలి వేళ్ల కణుపులు లేచిపోతున్నాయా? నాకు ఎడమ బొటనవేలి దగ్గర తోలు ఊడి, ఉప్పు నీళ్లు తగిలి రెండు రోజులు మంట. రెండు ఓర్‌లాక్‌ల (రిగ్గర్ చివర తెడ్డుని పట్టి ఉంచే కొక్కేలు) మధ్య దూరం కొలిచి సగం చేయండి, దానికి ఇంకో 8 సెంటీమీటర్లు కలపండి, తెడ్డు లోపలి భాగం, అంటే ఓర్‌లాక్ నుంచి పిడి చివరి దాకా, అంత ఉండాలి. నాది 160, కాబట్టి 88. పిడులు కొంచెం దాటుకోవడం మామూలే, ఎడమ చేతి వైపు ఓర్‌లాక్‌ని ఒక సెంటీమీటరు ఎత్తితే ఒక చెయ్యి పైనుంచి, ఒకటి కిందనుంచి హాయిగా పోతాయి. పిడులు తొడలకి తగులుతుంటే మాత్రం రెండు ఓర్‌లాక్‌లూ పైకి జరపాలి, అలల్లో ఇంకాస్త ఎక్కువ.

లాగుతుంటే తెడ్డు ఆకు లోతుకి దిగిపోతుంటే నిలువు నుంచి దాని వాలు తక్కువైందన్నమాట. 4 డిగ్రీలకి దగ్గరగా పెట్టండి.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది ముక్కు పైకీ కిందకీ కొట్టుకోవడం. డెక్ మీద పెట్టిన నీళ్ల సీసా ప్రతి లాగుకీ ముందుకీ వెనక్కీ దొర్లేది. పాతిక కిలోల పడవలో డెబ్బై కిలోల మనిషి అరమీటరు జరిగితే పడవ కుదురుగా ఎలా ఉంటుంది? లాగడం అయ్యాక సీటు మళ్లీ పాదాల వైపు జారేటప్పుడు తొందరపడకండి, పట్టాలు కొంచెం పొట్టి చేయండి. అసలు మందు ఏమిటంటే సీటు కదలకుండా బిగించి రిగ్గర్‌నే జరిగేలా చేయడం. జర్మన్ రోయర్ పీటర్ మైకేల్ కోల్బె 1981 ప్రపంచ రోయింగ్ పోటీల్లో గెలిచింది అలాంటి పడవ మీదే. తర్వాత పోటీల్లో దాన్ని నిషేధించారు, కానీ మన ప్రయాణాలకి ఆ అడ్డు లేదు కదా.

మధ్యాహ్నం గాలి లేచాక ముక్కు గాలివైపే తిరుగుతుంటే ముందు బరువెక్కువైంది. సామాను వెనక్కి సర్దండి, స్కెగ్ (పడవ వెనక అడుగున దిగే చిన్న రెక్క) ఉంటే దించండి.

ఫ్రేమ్‌ని ప్లాస్టిక్ కయాక్‌కి ఎపాక్సీతో అతికించకండి, పట్టదు. పట్టీలతో గట్టిగా కట్టండి, స్టెయిన్‌లెస్ బోల్టులే వాడండి.

చిలికాలో ఇంకో సంగతి, తెడ్లు చాస్తే ఈ చివర నుంచి ఆ చివరకి ఐదున్నర మీటర్లు, వల గుంజల మధ్య అంత సందు ఉండదు. వలలు కనిపించగానే తెడ్లు లోపలికి లాక్కుని, కయాక్ తెడ్డు తీసి నెమ్మదిగా దాటండి. ఆ తెడ్డు ఎప్పుడూ డెక్ మీద కట్టే ఉంచుకోండి.